ఎం చిప్పు మ్యాక్‌బుక్‌లో విండోస్ ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ నడపడం ఎలా?

సివిల్ వారికి ఈట్యాబ్స్, స్టాడ్ ప్రో, రెవిట్. మెకానికల్ వారికి సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్. ఎలక్ట్రానిక్స్ వారికి కైల్, మల్టీసిమ్. సెమిస్టరు మొదలైన వారంలోనే ఈ పేర్లు నోటు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. ఇంట్లో ముచ్చటపడి కొనిచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వీటిలో ఒక్కటి కూడా నేరుగా ఇన్‌స్టాల్ కాదన్న సంగతీ ఆ వారంలోనే తెలుస్తుంది. మీ దగ్గర యాపిల్ సొంత చిప్పుతో (ఎం1 గాని, ఆ తరువాతివి గాని) వచ్చిన మ్యాక్‌బుక్ ఉండి, విండోస్‌కు మాత్రమే దొరికే ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్‌తో పని పడితే ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. చాలామంది మొదటి రోజే ఏదో ఒక వర్చువల్ మెషీన్ (మ్యాక్ లోపలే ఇంకొక కంప్యూటరులా నడిచేది) సాఫ్ట్‌వేర్ కొనేసి, నెల తరువాత అసలు అడ్డు వేరే చోట ఉందని తెలుసుకుంటారు. కాబట్టి మీరు డబ్బు తీయడానికి ముందు అడ్డు ఎక్కడుందో తేల్చుకోండి.

అడ్డు ఒక్కటి కాదు, నాలుగు

మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్. సాలిడ్‌వర్క్స్ వంటి ప్రోగ్రాము తెర మీద ఒక గీత గీయాలన్నా, ఒక ఫైలు తెరవాలన్నా విండోస్‌నే అడుగుతుంది. మ్యాక్ ఓఎస్‌కు ఆ భాష రాదు. రెండవది ప్రాసెసర్. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఇంటెల్, ఏఎండీ చిప్పుల ఆదేశాలలో తయారైనవి, ఎం శ్రేణి చిప్పులు ఏఆర్ఎం కుటుంబానికి చెందినవి. 2006లో వచ్చిన బూట్ క్యాంప్ ద్వారా మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకోగలిగారంటే అప్పటి మ్యాక్‌లలో ఇంటెల్ చిప్పులు ఉండడం వల్లనే. 2020 నవంబరులో ఎం1 రావడంతో, ఆ చిప్పు ఉన్న యంత్రాలలో ఆ దారి మూసుకుపోయింది. మూడవది డ్రైవర్లు: యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సుకు తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం) లైసెన్సులు, మైక్రోకంట్రోలర్ బోర్డును ప్రోగ్రాము చేసే పరికరాలు పనిచేయాలంటే విండోస్ లోలోపల కూర్చునే డ్రైవర్ కావాలి. నాలుగవది గ్రాఫిక్స్: త్రీడీ నమూనాను తిప్పి చూపడానికి ఈ ప్రోగ్రాములు డైరెక్ట్‌ఎక్స్‌నో ఓపెన్‌జీఎల్‌నో వాడుకుంటాయి, కొన్ని గణన సాఫ్ట్‌వేర్లు ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు నడిపే ‘కూడా’ (CUDA) వ్యవస్థనే కోరతాయి.

వర్చువల్ మెషీన్‌లో ఏఆర్ఎం రకం విండోస్ 11 వేస్తే మొదటి అడ్డు పూర్తిగా తొలగిపోతుంది. ఆ విండోస్ లోపలే ఇంటెల్ ప్రోగ్రాములను ఏఆర్ఎం ఆదేశాలలోకి మార్చే ఎమ్యులేటర్ ఉంటుంది కాబట్టి రెండవదీ చాలావరకు తొలగుతుంది. 2024 నాటి విండోస్ 11 24హెచ్2 వెర్షనులో ప్రిజం పేరుతో వచ్చిన ఎమ్యులేటర్ పాతదానికంటే మెరుగైనది. మూడవ అడ్డును మాత్రం ఏ ఎమ్యులేటరూ దాటలేదు, ఎందుకంటే డ్రైవర్లను అది అనువదించదు. ఏఆర్ఎం కోసం విడిగా రాసిన డ్రైవర్ ఉంటే పనిచేస్తుంది, లేకపోతే లేదు. నాలుగవది సగమే తొలగుతుంది. డైరెక్ట్‌ఎక్స్ 11 దాకా, ఓపెన్‌జీఎల్ కొంతమేర అందుతాయి గాని, డైరెక్ట్‌ఎక్స్ 12 అందదు, ఎన్‌విడియా కార్డే లేని యంత్రంలో CUDA అన్న మాటే లేదు.

ఇక్కడ ఒక అపోహ తరచూ ఎదురవుతుంది. మ్యాక్‌లో రోజెటా ఉంది కదా, అదే ఈ పని చేయదా అని అడుగుతారు. ఇంటెల్ మ్యాక్‌ల కోసం తయారైన మ్యాక్ ప్రోగ్రాములను ఎం చిప్పు మీద నడపడం రోజెటా పని. విండోస్ ప్రోగ్రామును దానికి ఇస్తే అదేమిటో దానికి అర్థం కాదు.

మొదటి అడుగు: కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి

సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు ఏ సంవత్సరపు వెర్షనో రాయండి. ఇది చాదస్తం కాదు. 2025 రెవిట్‌లో దాచిన ఫైలు 2024 రెవిట్‌లో తెరుచుకోదు, దాన్ని వెనక్కి మార్చి దాచే ఏర్పాటూ రెవిట్‌లో లేదు. సాలిడ్‌వర్క్స్‌లోనూ వెనుకటి వెర్షను కోసం దాచే వీలు 2024 విడుదల నుంచే వచ్చింది. మీ ల్యాబులో పాత వెర్షను ఉండి, మీరు ఇంట్లో కొత్తది వేసుకుంటే, రాత్రంతా కూర్చుని చేసిన అసెంబ్లీ (భాగాలన్నీ కూర్చిన నమూనా) మరునాడు ల్యాబులో తెరుచుకోదు.

రెండవది, లైసెన్సు ఏ రకానిదో రాయండి. ఈమెయిలుతో లాగిన్ అయ్యేదా, మీ యంత్రానికి కట్టేసే యాక్టివేషన్ రకమా, కాలేజీ సర్వరు నుంచి తీసుకునే నెట్‌వర్క్ లైసెన్సా, డాంగిలా? మూడవది, మీరు చివరకు సమర్పించవలసింది ఏమిటి: ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలా, పీడీఎఫ్ డ్రాయింగా, వేర్వేరు క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య నమూనాను మార్చుకునే స్టెప్ ఫైలా, లేక రికార్డులో అంటించే ఫలితాల పేజీలా? నాలుగవది, మీ కోర్సులో ఎదురయ్యే అతి పెద్ద ఫైలు ఎంతుంటుంది. ఇందుకు మీ సీనియర్ల దగ్గర నుంచి గత ఏడాది ప్రాజెక్టు ఫైలు ఒకటి అడిగి తెచ్చుకోండి. తరువాత పరీక్షించి చూడడానికి అది ఎంతో పనికొస్తుంది.

రెండవ అడుగు: విండోస్ లేకుండానే పని గడుస్తుందా?

చాలామంది ఈ అడుగును దాటవేస్తారు. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షను ఉంది, టూడీ డ్రాయింగులకు అది చాలు. అయితే సివిల్ త్రీడీ, రెవిట్, ఇన్వెంటర్‌లకు లేదు. మ్యాట్‌ల్యాబ్ ఆర్2023బి విడుదల నుంచి ఎం చిప్పుల మీద నేరుగా నడుస్తుంది. ఎలక్ట్రానిక్స్‌లో కైక్యాడ్, ఎల్‌టీస్పైస్, ఎస్‌టీఎం32 బోర్డులకు క్యూబ్ ఐడీఈ మ్యాక్‌లో ఉన్నాయి. మెకానికల్‌లో ఆటోడెస్క్ ఫ్యూజన్ మ్యాక్‌లో నడుస్తుంది, ఆన్‌షేప్‌కైతే బ్రౌజరు ఉంటే చాలు. సాలిడ్‌వర్క్స్‌ను స్థాపించిన జాన్ హిర్ష్‌టిక్ తరువాత స్థాపించినవారిలో ఉన్నదే ఈ ఆన్‌షేప్, కాబట్టి ఒకటి వచ్చినవారికి రెండవది త్వరగా చేతికి వస్తుంది. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో మీ నమూనాలు అందరికీ కనబడతాయని మాత్రం గుర్తుంచుకోండి. విద్యార్థుల ఖాతా వేరుగా తీసుకోవాలి.

మీ అధ్యాపకులు స్టెప్ ఫైలుకు ఒప్పుకుంటే ఈ ప్రత్యామ్నాయాలతో పని జరిగిపోతుంది. అయితే స్టెప్ ఫైలులో ఆకారం మాత్రమే వెళుతుంది. ముందు ఏ స్కెచ్ గీశారు, దాన్ని ఎంత ఎక్స్‌ట్రూడ్ చేశారు, ఫిల్లెట్ ఎక్కడ ఇచ్చారు అన్న వరుస వెళ్ళదు. ఆ వరుసకే మార్కులు ఉంటే సొంత ఫైలు తప్పదు. ఈ ఒక్క ప్రశ్న మొదటి వారంలోనే అడగండి. సెమిస్టరు చివర అడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

మూడవ అడుగు: దారి ఎంచుకోండి

విండోస్ తప్పదని తేలితే ఎంచుకోవడం నిజానికి కష్టం కాదు. మీ మ్యాక్‌లో 16 జీబీ లేదా అంతకంటే ఎక్కువ మెమరీ ఉండి, లైసెన్సు లాగిన్ రకమో నెట్‌వర్క్ రకమో అయి, చేసే పని చిన్న భాగాలు, చిన్న అసెంబ్లీలు, నాలుగైదు అంతస్తుల ఫ్రేము వంటివైతే వర్చువల్ మెషీన్ పనికొస్తుంది. మెమరీ 8 జీబీయే అయినా, లైసెన్సు డాంగిల్‌లో ఉన్నా, ఆన్సిస్, అబాకస్‌లలో పెద్ద మెష్‌తో గంటల తరబడి లెక్క నడవవలసి ఉన్నా వర్చువల్ మెషీన్ జోలికి వెళ్ళకండి. వేరొక విండోస్ యంత్రాన్ని దూరం నుంచి వాడుకోవడమే మేలు. ఎమ్యులేషన్ మీద సాల్వర్ (ఆ లెక్క చేసే భాగం) నడపడం అంటే ఎడ్లబండికి లారీ సరుకు ఎక్కించడమే. లెక్క తప్పు రాదు గాని, తెల్లవారేదాకా కూర్చోవాలి.

ఇంకొక మాట ముందే చెప్పాలి. ఎం చిప్పు మ్యాక్‌లో వర్చువల్ మెషీన్ మీద నడపడానికి ఆటోడెస్క్ గాని, సాలిడ్‌వర్క్స్ తయారుచేసే దస్సో గాని అధికారికంగా హామీ ఇవ్వరు. నడిస్తే నడిచినట్టు, ఆగితే ఫోను చేసి అడిగే హక్కు మీకు ఉండదు. ఉద్యోగంలో గడువు మీద పని చేసేవారు ఈ ఒక్క కారణంతోనే వర్చువల్ మెషీన్‌ను పక్కన పెట్టవచ్చు.

నాలుగవ అడుగు: వర్చువల్ మెషీన్ కట్టడం

మూడు సాఫ్ట్‌వేర్లు వాడుకలో ఉన్నాయి. ప్యారలెల్స్ డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలి, విద్యార్థులకు తగ్గింపు ఉంది. ఎం చిప్పు మ్యాక్‌లలో ఏఆర్ఎం విండోస్ 11 ప్రో, ఎంటర్‌ప్రైజ్‌లను నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో దీనికి అధికారిక ఆమోదం ఇచ్చింది. వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం, కాకపోతే బ్రాడ్‌కామ్ పోర్టల్‌లో ఖాతా తెరిచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. యూటీఎం కూడా ఉచితమే గాని, విండోస్‌కు త్రీడీ వేగం అందించదు కాబట్టి నమూనాలు తిప్పే పనికి దాన్ని ఎంచుకోకండి. నా సలహా ఏమిటంటే, ముందు ప్యారలెల్స్ వారి 14 రోజుల ఉచిత గడువులో మీ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా పరీక్షించండి. అక్కడ నడిచినది వీఎంవేర్ ఫ్యూజన్‌లోనూ నడుస్తుందేమో తరువాత చూసుకుని, నడిస్తే డబ్బు మిగుల్చుకోండి. అక్కడే నడవకపోతే దూరపు యంత్రం దారి పట్టండి.

మొదలుపెట్టే ముందు డిస్కులో ఖాళీ చూసుకోండి. విండోస్ 11 తనకే 64 జీబీ అడుగుతుంది, పైన రెవిట్ వంటిది వేస్తే 100 జీబీ అయినా ఖాళీ లేనిదే హాయిగా ఉండదు. మ్యాక్‌లో చోటు లేకపోతే వేగవంతమైన బయటి ఎస్ఎస్‌డీ మీద కూడా వర్చువల్ మెషీన్‌ను పెట్టవచ్చు. మామూలు హార్డ్ డిస్కు మీద మాత్రం వద్దు. టైమ్ మెషీన్ బ్యాకప్ వాడుతుంటే ఈ వర్చువల్ మెషీన్‌ను అందులోంచి మినహాయించండి, లేకపోతే విండోస్ తెరిచిన ప్రతిసారీ పదుల జీబీలు మళ్ళీ మళ్ళీ కాపీ అవుతుంటాయి. మీ ప్రాజెక్టు ఫైళ్ళను విడిగా దాచుకుంటే చాలు.

ప్యారలెల్స్ తెరవగానే విండోస్ 11ను తానే తెచ్చి వేస్తుంది. ఫ్యూజన్‌లోనూ మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చే ఏర్పాటు ఉంది. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక విండోస్‌ను పూర్తిగా ఆపి, వర్చువల్ మెషీన్ అమరికలలో మెమరీ, ప్రాసెసర్ సంఖ్య మార్చండి. 16 జీబీ మ్యాక్‌లో విండోస్‌కు 8 జీబీ, నాలుగు కోర్లు ఇవ్వండి. ఎక్కువ ఇస్తే ఎక్కువ వేగం వస్తుందనుకోవడం పొరపాటు: మ్యాక్‌కు మిగిలేది తక్కువైతే అది డిస్కును మెమరీగా వాడడం మొదలుపెడుతుంది, అప్పుడు రెండూ నత్తనడకే. ప్యారలెల్స్ స్టాండర్డ్ రకంలో వర్చువల్ మెషీన్‌కు ఇవ్వగలిగే గరిష్ఠం కూడా 8 జీబీ, నాలుగు కోర్లే కాబట్టి, పెద్ద మ్యాక్ ఉన్నవారికే ప్రో రకంతో పని.

ఇప్పుడే సాఫ్ట్‌వేర్ వేయడానికి తొందరపడకండి. విండోస్ అప్‌డేట్ తెరిచి, ఇక ఏమీ లేదని చెప్పేవరకు అప్‌డేట్లు వేస్తూ, మధ్యలో రీస్టార్ట్ చేస్తూ వెళ్ళండి. తరువాత చాలా విండోస్ ప్రోగ్రాములకు అవసరమయ్యే ఉమ్మడి ఫైళ్ళ కట్ట, విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, వేయండి. మీ విండోస్ ఏఆర్ఎం అయినా, వేసే సాఫ్ట్‌వేర్ ఇంటెల్ రకానిది కనుక, ఇంటెల్ చిప్పులకు తయారైన ఎక్స్64 రకమే కావాలి. చాలామంది ఇక్కడే తడబడి ఏఆర్ఎం రకం ఒక్కటే వేసి, ప్రోగ్రాము ఎందుకు తెరుచుకోలేదా అని తల పట్టుకుంటారు. ఇవన్నీ అయ్యాక, లైసెన్సు ఏదీ ఎక్కించకముందే, ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏది చెడిపోయినా ఈ శుభ్రమైన స్థితికి నిమిషాలలో తిరిగి రావచ్చు.

తరువాత సాఫ్ట్‌వేర్ వేయండి. ఏది ఎక్కడ ఆగిందో జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే ఆగిన చోటే ముందు చెప్పిన నాలుగు అడ్డులలో మీకు తగిలినది ఏదో చెబుతుంది. సెటప్ తెరుచుకోగానే ఈ ప్రాసెసర్‌కు కాదని ఆగిపోతే అది తయారీదారు పెట్టిన తలుపు. రిజిస్ట్రీ మార్చి దాన్ని బద్దలు కొట్టాలని చూడడంకంటే వేరే వెర్షను ఉందేమో కనుక్కోవడం మంచిది. సెటప్ చివరిదాకా వచ్చి ఏదో సర్వీసు మొదలుకాలేదని చెబితే అది దాదాపుగా లైసెన్సు డ్రైవర్ గొడవే. ప్రోగ్రాము తెరుచుకుని, మెనూలన్నీ కనిపించి, నమూనా ఉండవలసిన చోట నల్లగానో తెల్లగానో ఉండిపోతే గ్రాఫిక్స్ అడ్డు. సాలిడ్‌వర్క్స్‌లో ఏ ఫైలూ తెరవకుండా ఆప్షన్స్‌లో పనితీరు పేజీకి వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్ వాడమని టిక్కు పెట్టండి. ఫైలు తెరిచి ఉంటే ఆ టిక్కు పెట్టనివ్వదు. రెవిట్‌లోనైతే ఆప్షన్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేసి చూడండి. రెండింటిలోనూ తిప్పడం నెమ్మదిస్తుంది, కాని తెర మీద బొమ్మ నిలుస్తుంది.

ఖాళీ ప్రోగ్రాము తెరుచుకున్నంత మాత్రాన గెలిచినట్టు కాదు. సీనియరు దగ్గర తెచ్చుకున్న ఆ పెద్ద ఫైలు తెరవండి, తిప్పండి, ఒక కొలత మార్చి రీబిల్డ్ చేయండి, డ్రాయింగ్ పీడీఎఫ్‌గా తీయండి, దాచి, మూసి, మళ్ళీ తెరవండి. ఇన్నీ గడిస్తేనే డబ్బు కట్టండి.

ఫైళ్ళ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి, ఇది నా సొంత నష్టం నుంచి వచ్చింది. ప్యారలెల్స్ మీ మ్యాక్ డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్లను విండోస్‌లో కనిపించేలా పంచుతుంది. చూడడానికి సౌకర్యంగానే ఉంటుంది. కాని అది విండోస్ దృష్టిలో నెట్‌వర్క్ ఫోల్డరు. ముప్ఫైకి పైగా భాగాలున్న ఒక అసెంబ్లీని నేను అక్కడ పెట్టి పనిచేసి, ఒక సాయంత్రం దాచబోతే సగం భాగాల జాడ దొరకలేదు. ఆ రాత్రంతా ఒక్కొక్కదాన్ని వెతికి అతికించడంతోనే గడిచింది. అప్పటి నుంచి పని ఎప్పుడూ విండోస్ సి డ్రైవులోని ఫోల్డరులోనే చేసి, అయిపోయాక మ్యాక్‌లోకి కాపీ చేస్తున్నాను. ఫోల్డరు పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు పేరు పెట్టుకోవాలని మనకు ఉన్నా, పాతకాలపు సాల్వర్లు ఆ దారి చదవలేక అర్థంకాని తప్పు చూపి ఆగిపోతాయి.

లైసెన్సు దగ్గర జాగ్రత్తలు

లాగిన్ రకం లైసెన్సులు అన్నిటికంటే సులువు. ఆటోడెస్క్ విద్యార్థి ఖాతా ఉచితం, ఏడాదికొకసారి అర్హత చూపి పొడిగించుకోవచ్చు. యాక్టివేషన్ రకం లైసెన్సు మీ యంత్రపు ఆనవాళ్ళను గుర్తుపెట్టుకుంటుంది, వర్చువల్ మెషీన్‌లో ఆ ఆనవాళ్ళు మీరు అమరికలు మార్చినప్పుడల్లా మారిపోవచ్చు. అందుకే మెమరీ, కోర్లు, నెట్‌వర్క్ అమరికలన్నీ ముందే స్థిరం చేసుకుని, ఆ తరువాతే యాక్టివేట్ చేయాలి. యాక్టివేట్ చేశాక పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళితే లైసెన్సు చెల్లకుండా పోయే అవకాశం ఉంది.

నెట్‌వర్క్ లైసెన్సు అయితే కాలేజీ వారు మీకు ఒక పోర్టు సంఖ్య, సర్వరు పేరు ఇస్తారు. సాలిడ్‌వర్క్స్‌కు సాధారణంగా 25734, ఆన్సిస్‌కు 1055 ఉంటాయి. పోర్టు సంఖ్య, దాని వెంట @ గుర్తు, ఆ తరువాత సర్వరు పేరు రాయడం పద్ధతి. హాస్టల్ నుంచో ఇంటి నుంచో తీసుకోవాలంటే కాలేజీ వీపీఎన్ కావాలి. ఆ వీపీఎన్‌ను విండోస్ లోపల వేస్తే మళ్ళీ డ్రైవర్ అడ్డు తగలవచ్చు. దాన్ని మ్యాక్‌లోనే కలిపి, వర్చువల్ మెషీన్ నెట్‌వర్క్‌ను షేర్డ్ పద్ధతిలో ఉంచండి. విండోస్ ఆ దారినే సర్వరును చేరుతుంది. చేరకపోతే వీపీఎన్ ఆ పోర్టును వదులుతుందో లేదో కాలేజీ ల్యాబు సిబ్బందిని అడగాలి, అది మీ చేతిలో ఉండే పని కాదు.

క్రాక్ చేసిన కాపీల గురించి ఒక్క మాట. అవి చట్టవిరుద్ధమన్నది అందరికీ తెలిసినదే. డాంగిల్‌ను మభ్యపెట్టే దొంగ డ్రైవర్ల మీద ఆధారపడిన కాపీలు ఏఆర్ఎం విండోస్‌లో ఎలాగూ నడవవు. ఉచిత విద్యార్థి వెర్షన్లు ఉన్నచోట ఆ తిప్పలు పడడం దండగ.

మౌస్, కీబోర్డు

చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, రోజూ చేయి నొప్పి పుట్టించేది ఇదే. క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో నమూనా తిప్పడానికి, జరపడానికి మౌస్ మధ్య బటన్ కావాలి. మ్యాక్ ట్రాక్‌ప్యాడ్‌లో అది లేదు. చక్రం నొక్కితే పనిచేసే మామూలు మూడు బటన్ల మౌస్ ఒకటి కొనుక్కోండి. ఆటోక్యాడ్‌లో ఆర్థోకు ఎఫ్8, ఆబ్జెక్ట్ స్నాప్‌కు ఎఫ్3 నొక్కడం అలవాటున్నవారు మ్యాక్ కీబోర్డు అమరికలలో ఎఫ్ మీటలను మామూలు ఫంక్షన్ మీటలుగా మార్చుకోవాలి, లేకపోతే ఎఫ్3 నొక్కినప్పుడు స్నాప్ మారడానికి బదులు తెరిచి ఉన్న కిటికీలన్నీ పరుచుకుంటాయి. మ్యాక్ డిలీట్ మీట విండోస్ లెక్కలో బ్యాక్‌స్పేస్. అసలు డిలీట్ కావాలంటే ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కండి.

ఐదవ అడుగు: దూరపు విండోస్ యంత్రం

వర్చువల్ మెషీన్ మీకు సరిపడకపోతే ముందు మీ కాలేజీని అడగండి. అమెరికాలో ఎంఎస్ చేసే మనవాళ్ళకు విశ్వవిద్యాలయం వర్చువల్ ల్యాబు పేరుతో బ్రౌజరులోనే విండోస్ డెస్క్‌టాప్ ఇవ్వడం అక్కడ సాధారణం, దానిలో లైసెన్సులు కూడా సిద్ధంగా ఉంటాయి. అక్కడ ఉండి హైదరాబాదులో ఇంటి కంప్యూటరుకు కలిపి త్రీడీ పని చేయాలని మాత్రం చూడకండి. ఖండాలు దాటి వెళ్ళి వచ్చే సంకేతానికి పావు సెకను దాకా పడుతుంది, మౌస్ ఇక్కడ కదిపితే నమూనా ఎప్పటికో తిరుగుతుంది. ఈ పనిలో ఇంటర్నెట్ వేగంకంటే ఆలస్యం ముఖ్యం.

మీ ఊళ్ళోనే, మీ ఇంట్లోనే ఒక డెస్క్‌టాప్ ఉంటే మంచిదే. దానిలో విండోస్ ప్రో ఉంటే మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ వాడవచ్చు. మ్యాక్‌లో దాని కోసం వేసుకోవలసిన ప్రోగ్రాము పేరు 2024 సెప్టెంబరు నుంచి విండోస్ యాప్ అయింది. హోమ్ రకంలో ఆ సౌకర్యం ఉండదు కాబట్టి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వంటిది వేసుకోండి. రూటరులో 3389 పోర్టును బయటి ప్రపంచానికి తెరవకండి, దొంగలు వెతికే మొదటి తలుపు అదే. టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ మీద కలపండి. డెస్క్‌టాప్‌ను వైఫై మీద కాక కేబులుతో రూటరుకు కలిపితే కుదుపులు తగ్గుతాయి. స్లీప్ పూర్తిగా ఆపేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదలయ్యేలా బయాస్‌లో ఒక అమరిక ఉంటుంది, అది పెట్టకపోతే మీరు హాస్టల్లో ఉండగా ఇంట్లో అమ్మకు ఫోను చేసి బటన్ నొక్కమని చెప్పవలసి వస్తుంది. కొన్ని యాక్టివేషన్ లైసెన్సులు రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరవడానికి ఒప్పుకోవని కూడా గమనించండి.

ఇంట్లో యంత్రం లేనివారు క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. అమెజాన్‌లో జీ4డీఎన్ ఎక్స్‌లార్జ్ అన్నది నాలుగు వీసీపీయూలు (క్లౌడ్‌లో ప్రాసెసర్‌ను లెక్కించే కొలత), 16 జీబీ మెమరీ, ఎన్‌విడియా టీ4 కార్డు ఉన్న యంత్రం. విండోస్ లైసెన్సు ఆ గంట ధరలోనే కలిసి ఉంటుంది. కొత్త ఖాతాలో ఇటువంటి గ్రాఫిక్స్ యంత్రాల కోటా సున్నా ఉండడం మామూలే, అందుకని పని పడడానికి కొన్ని రోజుల ముందే నాలుగు వీసీపీయూల కోటా కోరుతూ అర్జీ పెట్టండి. రీజియన్ (అమెజాన్ యంత్రాలుండే ప్రాంతం) దగ్గరలోనిది ఎంచుకోండి. ముంబయిలో ఉంది, హైదరాబాదులోనూ 2022 నవంబరులో తెరిచారు. కావలసిన యంత్రం ఏ రీజియన్‌లో దొరుకుతుందో తెర మీదే కనిపిస్తుంది. పని అయ్యాక యంత్రాన్ని ఆపడం మరిచిపోవడమే ఇక్కడ అసలు ఖర్చు. తెర మూసేస్తే యంత్రం ఆగదు, కన్సోల్‌లోకి వెళ్ళి స్టాప్ నొక్కాలి. స్టాప్ చేశాక కూడా డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది. మొదటి రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోండి. మీ విద్యార్థి లైసెన్సు క్లౌడ్ యంత్రం మీద వాడడానికి ఒప్పుకుంటుందో లేదో దాని నిబంధనలలో చదువుకోండి.

మిగిలిన దారులు

వైన్ మీద ఆధారపడిన క్రాస్ఓవర్ విండోసే లేకుండా విండోస్ ప్రోగ్రాములను నడుపుతుంది. చిన్న పాత లెక్కల ప్రోగ్రాములకు, ఆటలకు బాగుంటుంది. రెవిట్, సాలిడ్‌వర్క్స్ వంటి భారీ సాఫ్ట్‌వేర్లకు దాని మీద సమయం పెట్టకండి. ఇంటెల్ చిప్పు ఉన్న పాత మ్యాక్ అయితే బూట్ క్యాంప్ ఇంకా పనిచేస్తుంది, కాని అది అధికారికంగా విండోస్ 10 వరకే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. స్నాప్‌డ్రాగన్ చిప్పుతో వచ్చే కొత్త విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవారికి మొదటి అడ్డు లేదు గాని రెండవది, మూడవది పైన చెప్పినట్టే ఉంటాయి. గ్రాఫిక్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 అందుతుంది గాని ఎన్‌విడియా CUDA అందదు. ఇంటెల్ చిప్పు మీద లినక్స్ వాడేవారు వర్చువల్ మెషీన్‌తో కుస్తీ పట్టడంకంటే డిస్కులో ఒక భాగం విడదీసి విండోస్ వేసుకోవడం మేలు.

సెమిస్టరు ముగిసి ఇక విండోస్ అక్కరలేదనుకున్నప్పుడు చేసే పనికీ ఒక వరుస ఉంది. ప్రాజెక్టు ఫైళ్ళను మ్యాక్‌లోకి తెచ్చుకుని, వాటిలో ఒకటి రెండు ల్యాబు యంత్రంలో తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తరువాత విండోస్ తెరిచి, యాక్టివేషన్ రకం లైసెన్సు ఉంటే ప్రోగ్రాము లోపలి నుంచే డీయాక్టివేట్ చేయండి. అలా చేయకుండా చెరిపేస్తే ఆ లైసెన్సు, ఇక ఉనికిలోనే లేని యంత్రానికి కట్టుబడి ఉండిపోతుంది, విడిపించుకోవడానికి తయారీదారుకు లేఖలు రాయవలసి వస్తుంది. వర్చువల్ మెషీన్‌ను చెత్తబుట్టలోకి లాగడం ఆ తరువాతి పని.